కథలో ఆ మాట ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

కథా పాఠం తరచుగా ఇలా సాగుతుంది. టీచరు కథ చదివిస్తారు, సారాంశం చెబుతారు, "ఇందులో నీతి ఏమిటి?" అని అడుగుతారు. పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. పుస్తకం తెరవకపోయినా ఆ జవాబు వచ్చేదే. కథను నిశితంగా చదవడం నేర్పాలంటే, పేజీ మళ్ళీ చూస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న అడగాలి.

నలభై నిమిషాల పీరియడ్‌కి కథంతా అక్కర్లేదు. 150 మాటలు దాటని ఒక భాగం చాలు. మొదటి పేరా కావచ్చు, కథ మలుపు తిరిగే చోటు కావచ్చు. ముందుగా పరిచయం చెయ్యకండి. చేస్తే పిల్లలు మీరు చెప్పినదాన్నే కథలో వెతుక్కుంటారు. సందర్భాన్ని బట్టి ఊహించలేని మాటలు రెండో మూడో ఉంటే వాటికి మాత్రం అర్థం చెప్పండి.

ఈ ప్రసంగం కోసం రాసిన చిన్న ముక్క ఒకటి వినండి.

"ఉత్తరం బల్ల మీద పెట్టింది. దాని మీద పుస్తకం పెట్టింది. కుర్చీ సర్దింది. 'ఎవరు రాశారు?' అన్నాడు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. 'ఎవరో,' అంది. మళ్ళీ కుర్చీ సర్దింది."

మొదటిసారి మీరే పైకి చదవండి. పిల్లల చేతుల్లో పెన్సిల్ ఉండకూడదు. ఎవరున్నారు, ఏం జరిగింది, అంతవరకే అడగండి. ఇది తేలికని దాటెయ్యకండి. జరిగింది సరిగ్గా పట్టుకోనివాళ్ళు ఆ తర్వాత చెప్పేదంతా గాలిలో మేడే.

రెండోసారి పెన్సిల్‌తో, ఎవరికి వారు, మౌనంగా చదవాలి. రెండుసార్లు వచ్చినదాని కింద గీత గీయాలి. వింతగా అనిపించినచోట ప్రశ్నార్థకం పెట్టాలి. గుర్తులు మొత్తం అయిదు మించకూడదు. హద్దు పెట్టకపోతే పేజీ అంతా గీతలే మిగులుతాయి, ఏది ముఖ్యమో తేల్చుకునే పని జరగదు. ఇక్కడ చాలామంది కుర్చీ దగ్గర ఆగుతారు. సర్దిన కుర్చీని మళ్ళీ సర్దడం ఎందుకు?

మూడోసారి చదివేది ఆ "ఎందుకు" కోసం. "ఆమె కంగారు పడుతోంది" అంటాడొక పిల్లవాడు. తప్పు అనొద్దు, ఒప్పు అనీ అనొద్దు. "ఏ మాట చూసి అన్నావు?" అని అడగండి. వాడి వేలు మళ్ళీ వాక్యం మీదికి వెళ్ళాలి. ఇంకో పని కూడా చేయించవచ్చు. చివరి వాక్యం మూసేసి చదవమనండి. "ఎవరో" అన్న జవాబు అప్పుడు నిజంగానే తెలియక చెప్పినట్టు వినిపిస్తుంది. ఆ వాక్యం మళ్ళీ చేరిస్తే అనుమానం మొదలవుతుంది. రచయిత మనసులోని మాట చెప్పకుండా కుర్చీతో పని జరిపించాడని పిల్లలు కళ్ళారా చూస్తారు.

అసలు పొరపాటు మరోచోట జరుగుతుంది. "వాళ్ళ ఆయనకి చెప్పకుండా దాచింది" అంటారు. ఆ ముక్కలో భర్త అన్న మాటే లేదు. ఆయన తండ్రి కావచ్చు, అన్న కావచ్చు. పెద్దవాళ్ళూ ఇందులో పడతారు. 1920లలో కేంబ్రిడ్జ్‌లో అక్కడి విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించిన విమర్శకుడు ఐ. ఏ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి విద్యార్థులకు పద్యాలిచ్చి, వాళ్ళు రాసిన వ్యాఖ్యల మీద తన పరిశీలనను 1929లో అచ్చు వేశారు. సాదా అర్థమే అందనివాళ్ళు, పద్యంలో లేని సొంత జ్ఞాపకాలను అందులోకి లాక్కొచ్చినవాళ్ళు అందులో చాలామందే కనిపిస్తారు.

చివర్లో పిల్లలచేత మూడు వాక్యాలు రాయించండి: తను అనుకున్నది, దానికి ఆధారమైన కథలోని మాట యథాతథంగా, ఆ మాట చూస్తే అలా ఎందుకు అనిపించిందో. మూడోదే కష్టం. చాలామంది మొదటి వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి రాసేస్తారు. అలాంటప్పుడు "ఈ మాట బదులు ఇంకో మాట ఉంటే ఏం మారేది?" అని అడిగితే కలం కదులుతుంది.

ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా చెప్పి, ఇద్దరూ కథలోంచే మాట చూపిస్తే, రెండింటినీ బోర్డు మీద ఉంచెయ్యండి. ఆధారం చూపలేనిదాన్ని మాత్రం, ఎంత అందంగా చెప్పినా, చెరిపెయ్యాల్సిందే.