దేవుణ్ణి నిషేధించిన దేశంలో ఆ తర్వాత ఏమైంది?

[తెర మీద: టిరానా ఎయిర్‌పోర్టు]

యూరప్ దేశం అల్బేనియా రాజధాని టిరానాలో ఎయిర్‌పోర్టుకి మదర్ థెరిసా పేరు పెట్టుకున్నారు. అవును, మన కోల్‌కతా మదరే. ఆవిడది అల్బేనియన్ కుటుంబం. 1972లో వాళ్లమ్మ టిరానాలో చనిపోతే కూతురికి కడసారి చూపు కూడా దక్కలేదు. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా ప్రభుత్వం ఆవిణ్ణి దేశంలోకి రానివ్వలేదు.

ఆ ప్రభుత్వం 1967లో మతాన్నే నిషేధించింది. రెండు వేలకు పైగా మసీదులు, చర్చిలు, మఠాలు మూతపడ్డాయి. ష్కోడర్ ఊళ్లో పెద్ద కేథడ్రల్‌ని ఆటల హాలుగా మార్చారు. రంజాన్ రోజుల్లో, క్రైస్తవుల ఉపవాసాలప్పుడు బడుల్లో, పని చేసేచోట సరిగ్గా ఆ రోజు తినకూడనివే వడ్డించేవారు. ముట్టుకోనివాళ్లని అందరి ముందూ నిలబెట్టి తిట్టేవారు. అంటే, ఇంట్లో ఎవరు ఉపవాసం ఉన్నారో పసిపిల్లాడి పళ్లెం చూసి కనిపెట్టేయొచ్చు. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

పేర్లనీ వదల్లేదు. మతం వాసన ఉన్న పేర్లు మార్చుకోమని 1975లో ఉత్తర్వు వచ్చింది. మార్క్స్, ఎంగెల్స్, లెనిన్‌లని కలిపి 'మారెంగ్లెన్' అని పెట్టినవాళ్లూ ఉన్నారు. మన దగ్గరా కమ్యూనిస్టు ఇళ్లలో లెనిన్‌లు, స్టాలిన్‌లు ఉన్నారు, కానీ వాళ్లమ్మానాన్నలకి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

[తెర మీద: ష్కోడర్ శ్మశానం]

1990 నవంబర్ 4. నిషేధం పట్టు సడలుతున్న రోజులు. ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన ఫాదర్ సిమోన్ యుబాని ష్కోడర్ శ్మశానంలో బహిరంగంగా ప్రార్థన జరిపించారు. 16న అదే ఊరి మసీదులో నమాజు. ముస్లింలు క్రైస్తవుల ప్రార్థనకి వచ్చారు, క్రైస్తవులు మసీదుకి వెళ్లారు. అందరూ పోగొట్టుకున్నది ఒకటే కదా.

తలుపులైతే తెరుచుకున్నాయి. కానీ లోపల ప్రార్థన నేర్పేవాళ్లేరి? 23 ఏళ్లలో ఒక తరం పిల్లలు ఏ మంత్రం, ఏ పండగ తెలియకుండానే పెద్దవాళ్లైపోయారు. నానమ్మలు, అమ్మమ్మలు చాటుగా దాచిపెట్టుకున్నదే మిగిలింది. ఆర్థడాక్స్ చర్చిని మళ్లీ నిలబెట్టడానికి గ్రీసు నుంచి అనస్తాసియోస్ అనే మతగురువు రావాల్సి వచ్చింది. మసీదులకి తుర్కియే, అరబ్ దేశాల డబ్బు వచ్చింది. అలా తిరిగొచ్చిన మతంలో బయటివాళ్ల పద్ధతులూ కలిశాయి. ఇప్పుడు చాలామందికి మతమంటే ఇంటి ఆనవాయితీ, అంతే. వేరే మతం వాళ్లని పెళ్లి చేసుకుంటే ఊళ్లో పెద్దగా గొడవేం జరగదు.

[తెర మీద: 2023 జనాభా లెక్కలు]

2023 లెక్కల్లో దాదాపు 14 శాతం మంది దేవుణ్ణి నమ్ముతాం, కానీ ఏ మతంలోనూ లేమన్నారు. నాస్తికులమని రాయించుకున్నవాళ్లు 4 శాతం కూడా లేరు.