జెరంటాలజీ అంటే గోలీలు రాసుడు కాదు: అవ్వ పింఛను లెక్క

[స్క్రీన్ మీద: ఒక నులక మంచం, పక్కన కుర్చీ, నేల మీద 3 మీటర్ల టేపు, చేతిల స్టాప్‌వాచ్]

నమస్తే. "జెరంటాలజీ చదివితే ముసలోళ్ల డాక్టర్ అయితరు కదా?" ఈ ప్రశ్న వినీ వినీ చెవులు తూట్లు పడ్డయ్. కారు. ముసలితనంల వచ్చే రోగాలకు వైద్యం చేసేది జీరియాట్రిక్స్. దానికి ముందుగాల ఎంబీబీఎస్ కావాలె. జెరంటాలజీ అంటే ముసలితనాన్నే చదువుడు. ఒళ్లు, మనసు, ఇల్లు, పైసలు, చట్టం, అన్నీ అండ్ల ఉంటయ్. జెరంటాలజీ అనే పేరు 1903ల మెచ్నికాఫ్ అనే సైంటిస్టు పెట్టిండు, జీరియాట్రిక్స్ 1909ల ఇగ్నాట్జ్ నాషర్ అనే డాక్టర్ పెట్టిండు. వాళ్లు సక్కగ విడగొట్టి ఇచ్చిర్రు, మనమేమో రెండూ కలిపి ముద్ద చేసినం.

ఇంకో తప్పు దీనికన్న పెద్దది. ముందుగాల దేశం పట్టుకుంటరు: "జర్మనీ పోవాలె, ఏ కోర్సు చేయాలె?" ఉల్టా. ముందు పని పట్టుకోవాలె. అదెట్లనో అవ్వ చెప్తది.

[స్క్రీన్ మీద: అవ్వ బొమ్మ, పోస్టాఫీసు దాకా గీత]

నారాయణపేట దిక్కు ఒక అవ్వ అనుకోరి. కొడుకు, కోడలు పుణెల పనికి పోయిర్రు. అవ్వ మంచం దిగాలె, కడప దాటాలె, పోస్టాఫీసుకు పోయి వేలు పెట్టి 2,016 రూపాయల ఆసరా పింఛను తెచ్చుకోవాలె. గంతే. ఈ ఒక్క నడకల ఎన్ని కొలువులు ఉన్నయో చూడుర్రి.

మొదటిది, మంచం మీదికెల్లి లేసుడు. నులక సాగి కుండలెక్క అయితది, నడుము మోకాళ్ల కన్న కిందికి దిగుతది. అండ్లకెల్లి లేవాలంటే తొడల బలం మస్తు ఎక్కువ కావాలె. చూసుకునేటోళ్లు తెల్వక ఏం చేస్తరు? చంకల చేతులు పెట్టి పైకి గుంజుతరు. అవ్వ భుజం పోతది, వాళ్ల నడుం పోతది. చేయాల్సిందేందంటే, అవ్వను మంచం పట్టె దాకా ముందుకు జరపాలె, పాదాలు మోకాళ్ల కన్న కొంచెం వెనక్కి పెట్టియ్యాలె, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాక ముందుకు వంగమనాలె. అప్పుడు పిర్రలు వాటంతటవే లేస్తయ్. మన చెయ్యి ఆసరాకే. ఇది చూసుకునేటోళ్ల, అంటే కేర్ వర్కర్ల కొలువు.

అదే అవ్వ నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కుది అయితే? ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్నెముక కట్టెలెక్క బిగుసుకపోయినోళ్లు ఆడ ఉన్నరు. ముందుకు వంగమంటే వంగలేరు. పుస్తకంల చెప్పిన పద్ధతి ఆడ నడువది. మంచం ఎత్తు పెంచుడే దారి, కోళ్ల కింద చెక్కలు పెట్టాలె. అది వయసుతోని వచ్చింది కాదు, నీళ్లతోని వచ్చింది. ఈ రెండింటిని విడదీసి చూసుడే జెరంటాలజీల అసలు విద్య.

[స్క్రీన్ మీద: కుర్చీ, 3 మీటర్ల గీత]

లేసింది. పడకుంట నడుస్తదా? దీనికో పరీక్ష ఉంది. చేతులున్న కుర్చీల వెనక్కి ఆనుకొని కూసోబెట్టాలె. లేసి 3 మీటర్లు నడిచి, మలిగి, వచ్చి మల్ల కూసోవాలె. 12 సెకన్లు, అంతకన్న ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. ఇండ్ల రెండు తప్పులు చేస్తరు. ఒకటి, "జల్ది జల్ది" అని ఉరికిచ్చుడు. రోజు నడిచే తీరే నడవాలె. రెండు, చేతికర్ర గుంజుకునుడు. కర్రతోని నడిచే అవ్వను కర్రతోనే నడిపియ్యాలె.

లేవంగనే కండ్లు తిరిగినయా? అప్పుడు ఐదు నిమిషాలు పండుకోబెట్టి బీపీ చూడాలె, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మల్ల చూడాలె. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడితే నిలబడినప్పుడు బీపీ పడిపోతున్నట్టు. మస్తుసార్లు కారణం గోలీలే. బీపీది ఒక డాక్టర్, నిద్రది ఇంకో డాక్టర్ రాసిస్తరు. రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూసేటోడు ఉండడు. ఆ చూసేటోడే జీరియాట్రీషియన్. మన దేశంల దీని ఎండీ మద్రాస్ మెడికల్ కాలేజీల 1996ల మొదలైంది. నీట్ పీజీ రాయాలె, మూడేండ్లు చదవాలె. అమెరికాల అయితే ఇంటర్నల్ మెడిసిన్ గాని ఫ్యామిలీ మెడిసిన్ గాని మూడేండ్ల రెసిడెన్సీ, ఆ మీద ఒక ఏడాది ఫెలోషిప్. ఆ ఏడాది ఎక్కువ చదివినందుకు జీతం పెద్దగ పెరగది, అందుకే సీట్లు మిగిలిపోతయ్. నా లెక్కల అది వాళ్ల తెలివితక్కువతనం, మనకు మాత్రం సందు.

ఇగ అవ్వ పోస్టాఫీసుకు వచ్చింది. వేలు పెట్టింది, మిషన్ తీసుకోలే. నాట్లేసి, కలుపు తీసి గీతలు అరిగిపోయినయ్. ఈడ డాక్టర్ ఏం చేస్తడు? ఏం చెయ్యడు. మిషన్‌కు ఇంకో దారి పెట్టాలె, కూసోను బల్ల వెయ్యాలె, ఎంతమంది వట్టిగ మలిగి పోతున్నరో లెక్క రాయాలె. ఇది జెరంటాలజిస్టు పని. వయసు ముచ్చట ఇంకోటి. శానా మంది ఆధార్‌ల పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటది. ఎవరికీ తెల్వక అందాదకు రాసిందే. వయసే అందాద అయితే, వయసు మీద చేసే పరిశోధన ఎంత జాగ్రత్తగ చేయాలె! 2017-18ల మన దేశంల లాసీ అనే సర్వే 45 ఏండ్లు దాటిన 72 వేల మందిని అడిగింది. అసొంటి డేటా మీద పని చేయాలంటే గణాంకాలు రావాలె, సాఫ్ట్‌వేర్ రావాలె.

కొడుకు పైసలు పంపుడు బంద్ చేస్తే? తల్లిదండ్రుల, పెద్దోళ్ల పోషణకు 2007ల వచ్చిన చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటది, నెలకు 10,000 దాకా ఇప్పియ్యొచ్చు. అవ్వతోని అర్జీ పెట్టిచ్చేది సోషల్ వర్కర్. ఉస్మానియాల ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ, చేసినోళ్లకు ఇది రాజమార్గం. ఎల్డర్‌లైన్ 14567 నంబరు ఎత్తేది కూడ ఇసొంటోళ్లే.

ఇప్పుడు దేశాలు. టైం దగ్గర పడ్డది, జర ఉరుకుదాం.

[స్క్రీన్ మీద: ప్రపంచ పటం]

అవ్వను మంచం దింపే పని ఇష్టమా? జపాన్. 2000 ఏప్రిల్ నుంచి ఆడ ముసలోళ్ల సేవకే వేరే బీమా ఉంది, 40 ఏండ్లు దాటినోళ్లందరు పైసలు కడ్తరు. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు ఎన్4 స్థాయి జపనీస్, కైగో (అంటే ముసలోళ్ల సేవ) నైపుణ్య పరీక్ష, కైగో భాష పరీక్ష, మొత్తం మూడు పాస్ కావాలె. ఐదేండ్లు ఉండొచ్చు, పెండ్లాం పిల్లలను తీస్కపోనియ్యరు. అసలు కిటుకు ఈడుంది. మూడేండ్లు పని చేసి, 450 గంటల శిక్షణ తీసుకొని, కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష రాయాలె. పాసైతే వేరే వీసా వస్తది, ఇంటోళ్లు కూడ రావొచ్చు. మొదటి రెండేండ్లు కంజీ అక్షరాలు పక్కకు పెట్టినోళ్లకు ఐదో ఏడు ఇంటిబాటనే.

జర్మనీ. ముసలోళ్ల నర్సింగ్ అని వేరే చదువుండేది, 2020ల అన్నీ కలిపి ఒకటే మూడేండ్ల చదువు చేసిర్రు. ఇంటర్ పాసైనోళ్లు భాష నేర్చుకొని అండ్ల చేరొచ్చు, చదువుకుంటనే నెలనెల పైసలిస్తరు. మన జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సులకు బీ2 స్థాయి జర్మన్ భాష, ఆ మీద డిగ్రీ గుర్తింపు. తక్కువ పడ్డ సబ్జెక్టులకు కోర్సు గాని పరీక్ష గాని పెడ్తరు. ఏడ ఆగిపోతరంటే, భాషల. జర్మన్ ముసలాయన పుస్తకంల జర్మన్ మాట్లాడడు, పండ్లు లేకుంట తన ఊరి యాసల మాట్లాడుతడు. మన అవ్వ మాట పట్నం పోరగానికి అర్థం కానట్టే. సినిమాలు చూస్తె రాదు, ఆడియో వినాలె. మన తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ ఈ రెండు దేశాలకు పంపుతది, ముందు ఆడ అడుగుర్రి.

ఇంగ్లండ్ కేర్ వర్కర్ వీసా అని ఎవరన్న పైసలడిగితే ఆడికెల్లి ఉరకుర్రి. 2025 జులై 22 నుంచి బయటి దేశాలకెల్లి కేర్ వర్కర్లను కొత్తగ తీసుకునుడు బంద్ పెట్టిర్రు. నర్సులకు దారి ఉంది, అది వేరే.

అవ్వ పోస్టాఫీసును మార్చే పని ఇష్టమా? అమెరికా. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల 1975ల పెట్టిన జెరంటాలజీ స్కూలే ఉంది. చేరే ముందు ఐ-20 (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ఉండే కోర్సు కోడ్ అడుగుర్రి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందికి రాకపోతే చదువైనంక పని చేసుకోను 12 నెలలే, వస్తే ఇంకో 24 నెలలు. నర్సింగ్ హోం నడపాలంటే మల్ల ఆ రాష్ట్రం లైసెన్సు కావాలె.

ఆస్ట్రేలియా ఒక్క మాట. ముసలోళ్ల హోంలల మనిషికి రోజుకు సగటున 215 నిమిషాల సేవ ఉండాలె, అండ్ల 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సుది అని రూల్ పెట్టిర్రు. నిమిషాల్లెక్కన కొలుస్తరు కాబట్టి మనుషులు కావాలె. ఈ సేవ నేర్పే సర్టిఫికెట్ 3 అనే కోర్సుకు 120 గంటల పని అనుభవం తప్పనిసరి, అది ఆన్‌లైన్ల అయితది అంటే నమ్మకుర్రి.

ఏజెంట్ ముచ్చట. ఈ-మైగ్రేట్ అనే కేంద్ర సర్కారు వెబ్‌సైట్ల రిజిస్టర్ అయిన ఏజెంట్ మీ దగ్గర 30,000 దాకనే తీసుకోవాలె, ఆ మీద జీఎస్టీ. రెండు లక్షలు, మూడు లక్షలు అంటే లేసి రార్రి. రసీదు లేకుంట రూపాయి ఇయ్యకుర్రి, అసలు పాస్‌పోర్టు ఆఫీసుల వదిలి రాకుర్రి.

[స్క్రీన్ మీద: మల్ల కుర్చీ, టేపు, స్టాప్‌వాచ్]

ఫారం నింపే ముందు మీ ఇంటి అవ్వతోని ఆ 3 మీటర్ల పరీక్ష ఒకసారి చేయుర్రి. పక్కనే ఉండుర్రి, పడనియ్యకుర్రి. తర్వాతి వీడియోల కైగో పరీక్ష పేపర్ ముందేసుకొని కూసుందాం.