మూడున్నర మైళ్లు

(చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో, ఈస్టరు తర్వాతి ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కయ్యలకు, క్వయిర్ పిల్లలకు, వెనక వరుసలో ఫోన్‌లో టైము చూసుకుంటున్న తమ్ముళ్లకు, ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి. పోయినసారి సౌండ్ సిస్టమ్ తమ్ముడికి వందనం చెప్పలేదు, మధ్యలో మైకు ఆగిపోయింది. ఈసారి నీకు ప్రత్యేకంగా వందనాలు నాయనా.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాను. నా పేరు ముందు "దైవజనులు" అని వేశారు. నేను పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసి రిటైరైనవాణ్ణి. బైబిలు చదువుతాను, చరిత్ర పుస్తకాలు చదువుతాను, ఎక్కువ మాట్లాడతాను. అంతే.

నాకిచ్చిన అంశం "పునరుత్థాన జీవితం". ఇరవై నిమిషాలు అన్నారు. పోయిన ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు, తర్వాత గుడి బయట పందిరి, అదనపు కుర్చీలు, మల్లెపూలు, బిర్యానీ. ఈ రోజు చూస్తే ఫ్యాను కింద ఏ బెంచీ కావాలంటే ఆ బెంచీ ఖాళీ. క్రీస్తు లేచాడు, మనవాళ్లు పడుకున్నారు.

నిజానికి ఈ ఆదివారం తోమాది. యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఎనిమిది దినాలైన తర్వాత ప్రభువు మళ్లీ వచ్చాడని ఉంది. మనం తోమా అనుమానం గురించి వందసార్లు విన్నాం, ఆయన పేరు మీద సెయింట్ థామస్ మౌంట్, అదే మన పరంగిమలై, ఉన్న ఊళ్లోనే బతుకుతున్నాం. కానీ ఒక సంగతి చూడండి. పోయిన వారం రాని ఒక్క మనిషి కోసం ఆయన రెండోసారి వచ్చాడు. మన సంఘంలో పోయిన వారం రానివాడికి ఎవరైనా ఫోన్ చేశారా? "కానుక కవరు మర్చిపోయారు" అని కాదు, ఊరికే, ఒంట్లో ఎలా ఉందని? సరే, ఇది నేను చెప్పాలనుకున్నది కాదు. దారిలో కనబడింది, చెప్పాను.

లేచిన తర్వాత ఆయన ఏం చేశాడో వరసగా చూడండి. రోమా గవర్నరు ఇంటికి వెళ్లి నిలబడలేదు. ప్రధాన యాజకుడికి కనబడి బుద్ధి చెప్పలేదు. నేనైతే ముందు అక్కడికే వెళ్లేవాణ్ణి. ఆయన ఏడుస్తున్న ఒక ఆడమనిషిని పేరు పెట్టి పిలిచాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరితో ఆమడ దూరం నడిచాడు, వాళ్ల గోడంతా విన్నాడు. తలకు చుట్టిన రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉందని కూడా యోహాను రాశాడు. ఆ రుమాలు గురించి వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతోంది. యూదుల ఇంట్లో యజమాని రుమాలు మడత పెడితే "మళ్లీ వస్తాను" అని అర్థమట. దానికి ఆధారం ఏమీ లేదు, దయచేసి ఫార్వర్డ్ చేయకండి. నాకు అందులో కనబడేది ఇంత మాత్రమే. లేచినాయన పక్కబట్టలు చిందరవందరగా పడేసి పోలేదు. ఇక్కడున్న హాస్టల్ పిల్లలు తలలు దించుకుంటున్నారు, చూస్తున్నాను.

ఇక తిబెరియ సముద్రం ఒడ్డు. రాత్రంతా వల వేసి ఏమీ పడక వస్తున్నవాళ్లకు పొద్దున్నే ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. కాశిమేడులో తెల్లారి పడవలు వచ్చేటప్పుడు మీలో ఎవరైనా వెళ్లి ఉంటే తెలుస్తుంది ఆ మనుషులు ఎలా ఉంటారో. ఉప్పుకు చేతులు చిట్లి, కళ్లు ఎర్రబడి, మాట్లాడే ఓపిక ఉండదు. అలాంటివాళ్లకు ఆయన మొదట ప్రసంగం చేయలేదు. "రండి భోజనము చేయుడి" అన్నాడు. మరణాన్ని జయించినవాడు పొయ్యి దగ్గర కూర్చుని చేపలు కాల్చాడు. తనను ఎరుగనన్న పేతురుతో తేల్చుకోవలసిన పెద్ద మాటలు ఉన్నాయి, అవన్నీ తిన్న తర్వాతే.

ఇప్పుడు అసలు సంగతి. మీ దగ్గర బైబిళ్లు ఉంటే, ఫోన్లో అయినా సరే, మొదటి కొరింథీయులు 15 తియ్యండి. పునరుత్థానం మీద పౌలు రాసినంత ఘనంగా ఇంకెవరూ రాయలేదు. "ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" మనం సమాధుల దగ్గర చదివేది అదే. ఆ అధ్యాయం అయిపోగానే, మరుసటి వాక్యం ఏమిటి? "పరిశుద్ధులకొరకైన చందా విషయమైతే." పౌలు రాసినప్పుడు అధ్యాయాల నంబర్లు లేవు. ఆ విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. అంటే ఆయన అదే ఊపిరిలో, చనిపోయినవాళ్లను లేపే కడబూర నుంచి నేరుగా చందాకు దిగాడు. ప్రతి ఆదివారం ఎవరికి కలిగిన కొద్దీ వాళ్లు కొంత పక్కన పెట్టండి, నేను వచ్చాక వసూళ్లు పెట్టవద్దు అన్నాడు. యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం. ఆ చందా మనకు ఈస్టరు ప్రసంగంలో వినబడదు. నేను విన్న ప్రసంగాలన్నీ ముల్లు దగ్గర ఆగిపోయాయి.

చందా అనగానే నాకు కూలి గుర్తొస్తుంది, కూలి అనగానే కాలువ గుర్తొస్తుంది. అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు. కాలువ దాకా వెళ్లి వచ్చేస్తాను సార్.

మీలో బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలెక్కేవాళ్లున్నారు. లైట్‌హౌస్, తిరుమయిలై, మందవెళి స్టేషన్ల కింద నల్లటి నీళ్లు కనబడతాయి కదా, ముక్కు మూసుకుంటారు కదా, అదే బకింగ్‌హాం కాలువ. ఉత్తరాన మన కోస్తా దాకా వెళ్తుంది. 1876లో వానలు పోయాయి, రెండేళ్లు కరువు. కూవం నదిని, అడయారు నదిని కలిపే ఆ ముక్కను కరువు పనిగా 1877-78లో తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్, అందుకే ఆ పేరు. కరువు పనిలో కూలి ఎంతో తెలుసా? 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్ది చిల్లర. అంటే అరకిలో కూడా లేదు, మట్టి తవ్వి మోసే మనిషికి. అది చాలదని ఇదే మద్రాసులో ఉన్న ఆరోగ్య శాఖ కమిషనర్ కార్నిష్ గొడవ పెట్టుకున్నాడు. ఒక ఆఫీసరు ఇంకో ఆఫీసరుతో బియ్యం తూకం మీద పోట్లాడాడు. ఆ పోట్లాట కూడా నా లెక్కలో సువార్తే.

అదే కాలువ, అదే కరువు, ఒంగోలు వైపు ఏం జరిగిందో చెబుతాను. అక్కడ జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. కాలువ పనికి వెళ్లిన మాదిగపల్లెల జనాన్ని మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలి కొట్టేస్తున్నారు. ఆయన పోయి మూడున్నర మైళ్ల కాలువకు తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన ఉపదేశకులను మేస్త్రీలుగా పెట్టాడు. కొట్టేవాడు లేడు, చేసిన పనికి కూలి చేతికి వచ్చింది. మా నాయనమ్మ వాళ్ల తాత ఆ తవ్వినవాళ్లలో ఒకడని ఆమె చెప్పేది. కాగితం ఏమీ లేదు, ఆమె మాటే కాగితం. దేవుని గురించి ఆ తాతకు ముందు తెలిసింది మేస్త్రీ తిట్టకపోవడం వల్లనే అనేది.

మరి మన సంఘాల చరిత్రలో, జూబిలీ సభల్లో, సువనీర్లలో ఏం రాస్తాం? 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు అని. ఆ అంకె సండే స్కూలు పిల్లాడికి కూడా నోటికొస్తుంది. అడగండి, చెబుతాడు. మూడున్నర మైళ్లు ఎవరికైనా నోటికొస్తాయా? ఇంకో ముఖ్యమైన సంగతి. కరువు సాయం నడిచినంత కాలం క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. కూలి కోసం వచ్చారనే మాట వాళ్లకు రాకూడదని. కూలి కూలిగా ఇచ్చాడు, విశ్వాసాన్ని దానితో ముడి పెట్టలేదు. ఏరు దగ్గర నిలబడ్డ 2,222 మంది ముందు ఆ మూడున్నర మైళ్ల మట్టి ఉంది. మనం ఏటిని గుర్తు పెట్టుకున్నాం, మట్టిని మరిచిపోయాం.

తమ్ముళ్లూ, మీరు ఐటీలో ఉన్నారు, బ్యాంకుల్లో ఉన్నారు, మీకు మేస్త్రీలెవరూ లేరు. కానీ మీరు మేస్త్రీలు. మీ ఇంట్లో అంట్లు తోమే అక్కకు జీతం ఏ తారీకున ఇస్తారు? మీకు జీతం పడిన రోజా, మీకు గుర్తొచ్చిన రోజా? మీరు వారం రోజులు ఊరెళ్తే ఆ వారం కోస్తారా? ఊరెళ్లింది మీరు, ఆమె కాదు. చేతులెత్తమని అడగను. చెన్నైలో మనవాళ్లే ఎంతమంది తెల్లారకముందే వీధులు ఊడుస్తున్నారో మీకు తెలుసు. పుళియాంతోపులో, వ్యాసర్‌పాడిలో తెలుగు మాట్లాడే ఇళ్ల తలుపులు తట్టి చూడండి.

ఒక సంఘం సంగతి చెబుతాను. ఏ సంఘమని అడగకండి. ట్రెజరర్ గారూ, మీరు కాదు సార్, కంగారు పడకండి. నేను చాలా కాలం కిందట వెళ్లిన గుడి. అక్కడ ఊడ్చే ఆమె ఉండేది, మేమంతా ఆయమ్మ అనేవాళ్లం. ఈస్టరు మర్నాడు సోమవారం నేను మర్చిపోయిన గొడుగు కోసం వెళ్లాను. ఆమె నేల మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అట్లకాడతో కొవ్వొత్తి మైనం గీకుతోంది. నాపరాయి గచ్చు మీద మైనం ఎంత మొండిగా అంటుకుంటుందో గీకినవాళ్లకే తెలుసు. పక్కనే గోనెసంచిలో వాడిపోయిన పూలు, కాగితం ప్లేట్లు. "జీతం ఇచ్చారా ఆయమ్మా" అన్నాను. "ఇంకా లేదు బాబూ, బీరువా తాళం తీసుకుని సారు ఊరెళ్లారు, పండగ కదా" అంది. ఆమెకూ పండగే కదా! ఆ సంఘంలో ఆ ఏడాది పూల ఖర్చు ఆమె నెల జీతం కంటే ఎక్కువ. లెక్కల పుస్తకం నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆమె ఆ వారమంతా గేటు దాకా వచ్చి, తాళం చూసుకుని వెళ్లింది. అడ్వాన్సు ఇవ్వాలంటే కమిటీ తీర్మానం కావాలన్నారు. పూలు కొనడానికి ఏ తీర్మానమూ అవసరం రాలేదు.

ద్వితీయోపదేశకాండంలో పొద్దు గుంకకముందే కూలి ఇచ్చెయ్యమని ఉంది, ఎందుకంటే అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యాకోబు అయితే ఇంకా గట్టిగా, బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందన్నాడు. ఆ మాట మీద నేను వేరే ప్రసంగం చేయగలను. చేసి కూడా ఉన్నాను, మళ్లీ పిలవలేదు.

నాకు ఈస్టరు పూల మీద కోపం లేదు. క్వయిర్ పిల్లలు నెల రోజులు ప్రాక్టీసు చేశారు, తెల్లవారి పాట విని నాకూ కళ్లు చెమర్చాయి. నా గోడంతా సోమవారం మీద. ఈస్టరు కాలం యాభై రోజులు, పెంతెకొస్తు దాకా. మనం ఆరు గంటలకు పందిరి విప్పేస్తున్నాం.

చీటీ వచ్చింది. "రెండు నిమిషాలు" అని రాశారు.

కనుక పని మాట చెప్పి దిగిపోతాను. పాస్టరు గారితో ముందే మాట్లాడాను, ఆయన సరే అన్నారు. మన గుడి ఆయమ్మకు, వాచ్‌మన్ అన్నకు ఇక మీదట ఒకటో తారీకునే జీతం. ట్రెజరర్ గారు ఊళ్లో ఉన్నా లేకపోయినా ఇద్దరి ఖాతాల్లో పడేట్టు బ్యాంకులో ఏర్పాటు చేయాలి, ఈ వారంలోనే. వాళ్లు ఊరెళ్లినప్పుడు కోత ఉండదు. ఇక పౌలు చెప్పిన చందాకు ఒక నోటుబుక్కు పెట్టాం. డబ్బుకు మాత్రమే కాదు. ఒంటరిగా ఉన్న పెద్దమ్మలను స్టాన్లీ, కేఎంసీ ప్రభుత్వాసుపత్రులకు తీసుకెళ్లి ఓపీ చీటీ తీసి, మందుల కిటికీ దగ్గర లైనులో నిలబడేవాళ్లు కావాలి. పొద్దున ఏడు గంటలకు బయల్దేరితే మధ్యాహ్నం దాకా పడుతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఏ రోజు కుదురుతుందో పేరు పక్కన రాయండి. "ప్రార్థిస్తాను" అని రాయకండి, దానికి వేరే పుస్తకం ఉంది.

నోటుబుక్కు చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద ఉంది. పెన్ను దారంతో కట్టాను, పోయినసారిది ఎవరో పట్టుకెళ్లారు. టీ కూడా అక్కడే. వందనాలు.