ఉప్పు చెమ్మగిల్లే ఊళ్లో క్లాత్ ప్యాడా?

ముందు ఒక పని చేయండి. వీడియో ఆపి, వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బా మూత తీయండి. గడ్డ కట్టిందా? స్పూన్ దిగకుండా నిటారుగా నిలబడిందా? అయితే షూటింగ్ గేమ్‌లో మీ ఎయిమ్‌కి, అంటే గురికి, ఏ రోగమూ లేదు. రోగమంతా మీ మౌస్ కింద పరిచిన గుడ్డకే.

పోయిన వీడియోలో నేను అన్నది ఒక్కటే మాట. నెల్లూరులో క్లాత్ ప్యాడ్ మీద షూటింగ్ గేమ్ ఆడటమంటే తడి గోనెసంచి మీద క్యారమ్స్ ఆడటమే, దాన్ని తీసేసి గ్లాస్ ప్యాడ్ వేసుకోండి, కింద మీకు నచ్చిన బొమ్మ ప్రింట్ చేయించుకోండి అన్నాను. అంతే, మీద పడిపోయారు. "ప్రో ప్లేయర్లంతా క్లాత్ వాడుతుంటే నువ్వెవడివి?" అని ఒకరు. "అద్దం మీద మౌస్ నడవదని మా తాతకి కూడా తెలుసు" అని ఇంకొకరు. "బొమ్మ కోసం అద్దం కొన్నావు, ముందు ఆ అద్దంలో నీ మొహం చూసుకో" అని మరో మహానుభావుడు. ఆ చివరిది బాగుంది, నవ్వాను కూడా. కానీ మాట వెనక్కి తీసుకోను. ఇవాళ ఇంకొంచెం గట్టిగా అంటున్నాను. మన ఊళ్లో సగం మంది ర్యాంకు పెరగకపోవడానికి కారణం సముద్రపు గాలి.

నవ్వుకోండి. నవ్వాక వినండి.

మైపాడు బీచ్ మనకి పాతిక కిలోమీటర్లు. మే నెలలో మధ్యాహ్నం పూట పడమటి గాలి కొడుతుంది, ఒళ్లు కాలిపోతుంది, గాలిలో తడి ఉండదు. అప్పుడు మీ క్లాత్ ప్యాడ్ మీద మౌస్ జర్రున పోతుంది. సాయంత్రం సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది. ఒళ్లంతా జిగట. అదే ప్యాడ్, అదే మౌస్, అదే సెన్సిటివిటీ (చెయ్యి ఎంత కదిపితే గురి ఎంత జరగాలనే సెట్టింగ్), కానీ మౌస్ బురదలో బండిలాగా పోతుంది. గుడ్డ అనేది గాలిలో తడిని పీల్చుకుంటుంది, దానికి తోడు మన చేతి చెమట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంక చెప్పక్కర్లేదు, ఈశాన్య రుతుపవనాల వానలన్నీ మనకేగా. ఇంట్లో అగ్గిపుల్ల వెలగదు, అప్పడం మెత్తబడుతుంది, తలుపు చెక్క ఉబ్బి గడపకి పట్టేస్తుంది. ఇవన్నీ ఒప్పుకుంటారు, మౌస్ ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాకు ఎయిమ్ లేదు బ్రో" అని ఏడుస్తారు.

క్యారమ్స్ ఆడిన వాళ్లకి ఇది నేను చెప్పాలా? వానాకాలంలో స్ట్రైకర్ సగం దూరం పోయి ఆగిపోతే ఏం చేస్తాం? పౌడర్ చల్లుతాం. బోర్డు చెమ్మగిల్లింది అంటాం. "నాకు ఆట రాదు" అని ఎవడైనా అన్నాడా? క్యారమ్ బోర్డు మీద ఉన్న ఆ మాత్రం జాలి మన ర్యాంకు మీద మనకి ఉండొద్దా?

గాజు తడి పీల్చదు. ఇంతే సైన్సు. మధ్యాహ్నం ఎలా జారుతుందో రాత్రి కూడా అలాగే జారుతుంది. పైన చెమట పడితే తుడిచేయండి, పోతుంది. గుడ్డని తుడిస్తే పోతుందా? ఉతకాలి, పిండాలి, మేడ మీద ఆరేయాలి, ఆరేసిన రోజే వాన పడాలి.

ఇప్పుడు ప్రో ప్లేయర్ల సంగతి. వాళ్లు ఎక్కడ ఆడతారు తమ్ముడూ? ఏసీ హాల్లో. ఏసీ గాలిలో తడిని లాగేసి బయట పైపులోంచి నీళ్లు కారుస్తుంది, మీ ఇంటి వెనక బకెట్ పెట్టుకుని చూడండి. ఆ హాల్లో ఏ ప్యాడ్ అయినా ఒకేలా ఉంటుంది. మనం ఆడేది ఫ్యాన్ కింద. ఆ ఫ్యాన్ తిరిగేది కూడా కరెంటు ఉన్నప్పుడే.

ఇంకో మాట. "గాజు మీద కంట్రోల్ ఉండదు" అనే వాళ్లలో సగం మంది ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడి పెరిగిన వాళ్లే. ఆ ఫోన్ స్క్రీన్ ఏంటి? రేకా? గాజే కదా! 2021 నుంచి రోజూ ఆ గాజు మీదే వేలితో స్ప్రే కంట్రోల్ చేస్తున్నారు, అంటే తుపాకీ ఆపకుండా పేలుస్తూ గురి చెదరకుండా పట్టుకుంటున్నారు. వేలికి చెమట పట్టి గాజు మీద అతుక్కుంటే ఏం చేశారు? వేలికి స్లీవ్ తొడుక్కున్నారు. ఫోన్‌కి గుడ్డ అంటించారా? లేదు కదా. చెమటకి మందు గాజు దగ్గర లేదు, చేతి దగ్గర ఉందని మీరే కనిపెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ తెలివి ఎటు పోయింది?

సరే, బొమ్మ సంగతికి వద్దాం. నా గోడు ఇక్కడుంది.

నాకు ప్యాడ్ మీద ఒంగోలు గిత్త కావాలి. హీరో ఫోటో వద్దు, డ్రాగన్ వద్దు, మంటల్లో పుర్రె అసలే వద్దు. తెల్లటి గిత్త, మూపురం ఇంత ఎత్తున, గంగడోలు వేలాడుతూ. ఆ గిత్తకి నెల్లూరోడు ఎందుకు మురిసిపోతున్నాడని ప్రకాశం వాళ్లు అడగొచ్చు. అయ్యా, బ్రెజిల్ వెళ్లి ఆ జాతి పేరేంటని అడగండి. నెలోర్ అంటారు. మన ఊరి పేరే! అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం అవే. పశువు మీ ఒంగోలుది, పేరు మా నెల్లూరుది, ఇక ఆ గొడవ ఇక్కడితో వదిలేద్దాం.

ఆ గిత్త కోసం నేను చేసిన వెధవ పని చెబుతాను. టేబుళ్ల పైకి అద్దాలు కోసే ఒక షాపుకి పోయాను. ఊరు చెప్పను, షాపు చెప్పను. 50 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు, 4 మిల్లీమీటర్ల మందం, టఫన్డ్ గ్లాస్, అంచులు పాలిష్, కింద గిత్త ప్రింట్. "అన్నా, మౌస్ నడుస్తుందా?" అని అడిగితే ఆయన "ఏనుగు నడిచినా పగలదు" అన్నాడు. నేను అడిగింది అదా? ఇంటికి తెచ్చి వేస్తే చూడటానికి అద్భుతం. గిత్త నీళ్లలోంచి చూస్తున్నట్టుంది. మౌస్ పెట్టాను. కర్సర్ ఒకసారి కదలదు, ఒకసారి గోడ దాకా దూకుతుంది. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌లో నేను శత్రువుని వదిలేసి ఆకాశాన్ని కాల్చాను. మా టీమ్ వాళ్లు అన్న మాటలు ఇక్కడ చెప్పలేను, మా అమ్మ ఈ ఛానల్ చూస్తుంది.

ఎందుకు అలా అయింది? మౌస్ కింద ఉన్న సెన్సర్ అంటే ఒక చిన్న కెమెరా. సెకనుకి వేలకొద్దీ ఫోటోలు తీస్తుంది, ఒక ఫోటోకి ఇంకో ఫోటోకి తేడా చూసి మౌస్ ఎటు కదిలిందో లెక్క కడుతుంది. దానికి గరుకు కావాలి. సన్నటి గుంటలు, గీతలు, ఏదో ఒకటి కనపడాలి. నున్నటి అద్దం పైన దానికి ఏమీ కనపడదు. "మరి కింద గిత్త ఉందిగా, దాన్ని చూసుకోవచ్చుగా?" అంటారు. గేమింగ్ మౌస్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపితే చాలు, సెన్సర్ చూడటం మానేస్తుంది. అది కావాలనే అలా చేస్తారు. గిత్త ఉన్నది 4 మిల్లీమీటర్ల కింద. బావిలో అడుగు పైకి తేలినట్టు కనపడుతుంది కదా, అలా గాజులో కూడా లోతు తక్కువగా కనపడుతుంది. అది తీసేసినా ఇంకా రెండున్నర మిల్లీమీటర్ల పైనే. అంటే బొమ్మ మీద మౌస్ పెట్టినా, మౌస్‌ని గాల్లో పట్టుకున్నా దానికి ఒకటే!

మౌస్‌లు చేసే లాజిటెక్ వాళ్లు 2009లోనే డార్క్‌ఫీల్డ్ అని ఒక సెన్సర్ తెచ్చారు, మామూలు అద్దం మీద కూడా నడుస్తుంది, ఎలాగంటే అద్దం మీద ఉన్న దుమ్మునీ సన్న గీతల్నీ పట్టుకుని. ఆఫీసు మౌస్‌కి అది చాలు. ఆటల కోసం ప్యాడ్లు చేసే వాళ్లు వేరే దారి పట్టారు. మౌస్‌ని మార్చకుండా అద్దం పై ముఖాన్నే కంటికి కనపడనంత గరుకుగా చేశారు. వేలితో రాస్తే సన్నటి పొడి చల్లినట్టు ఉంటుంది. 2023లో రేజర్ కంపెనీ అట్లాస్ అని వదిలిన ప్యాడ్ ఇలాంటిదే. బొమ్మ వేసే వాళ్లు కూడా ఆ గరుకు పైన అలాగే ఉంచి, అడుగు వైపు బొమ్మ వేస్తారు, దాని వెనక తెల్ల రంగు పూస్తారు, కింద జారకుండా రబ్బరో సిలికానో అంటిస్తారు. పైన బొమ్మ వేస్తే ఆ గరుకు కాస్తా పోతుంది. కాబట్టి షాపులో "బొమ్మ ఎంత బాగా వస్తుంది?" అని అడగొద్దు. "పై ముఖం నున్నగా ఉందా, గరుకుగా ఉందా?" అని అడగండి. వాడు నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి. ఇంకోటి, టఫన్డ్ చేశాక గాజుని కోయలేరు. కొలత ముందే సరిగ్గా చెప్పాలి. నేను రెండోసారి తెప్పించినప్పుడు కీబోర్డుకి చోటు మర్చిపోయాను. ఇప్పుడు నా కీబోర్డు సగం గిత్త తోక మీద కూర్చుంటోంది.

ఇక నా మీద నేనే కేసు వేసుకుంటాను, లేకపోతే మీరు వేస్తారు. గాజు మీద ముంజేయి అతుక్కుంటుంది. నిజం. మన ఉక్కలో చొక్కా చేతులు మడిచి ఆడితే, చెయ్యి లేపినప్పుడు చర్‌మని శబ్దం వస్తుంది. దీనికి వేలు పోసి గేమింగ్ స్లీవ్ కొనక్కర్లేదు. ట్రంకు రోడ్డులో స్కూటీ వాళ్లు ఎండకి తొడుక్కునే చేతి తొడుగు ఉంటుంది చూడండి, అదే. నేను మా చెల్లెలిది వాడుతున్నాను. గులాబీ రంగు. దానికి తెలియదు, ఇప్పుడు తెలిసింది.

మౌస్ కింద ఉండే స్కేట్స్ గాజు మీద త్వరగా అరుగుతాయి, అవి పీటీఎఫ్ఈ, అంటే నాన్‌స్టిక్ పెనం మీద పూసే సరుకే. అరిగినప్పుడు మార్చుకోవాలి. అరగడం కంటే పెద్ద శత్రువు ఇసుక. గాజు చేసేదే ఇసుకతో. గూడూరు పక్కన చిల్లకూరు, కోట వైపు తెల్లటి సిలికా ఇసుక లారీలకెత్తి గాజు ఫ్యాక్టరీలకి పంపేది అందుకే. కానీ ఆ ఇసుక రేణువే వచ్చి స్కేట్ కింద ఇరుక్కుంటే గాజుని గీసేస్తుంది, ఎందుకంటే గాజు కంటే అదే గట్టిది. తల్లే బిడ్డని గీరినట్టు. ఆట ముందు ఒకసారి పాత బనీన్‌తో తుడవండి. చీమకుర్తి వైపు వాళ్లయితే రెండుసార్లు తుడవండి, గ్రానైట్ దుమ్ము సంగతి మీకే తెలుసు.

ప్యాడ్ బరువు రెండు కిలోలు. మూల గచ్చుకి తగిలిందా, మొత్తం పటిక బెల్లం ముక్కలైపోతుంది. గోడకి ఆనించి నిలబెట్టకండి. "గాజు మీద మౌస్ అనుకున్న చోట ఆగడం కష్టం" అనే వాదన ఉంది, మొదటి వారం నేనూ తల దాటించి కాల్చాను, తర్వాత చెయ్యి కొంచెం అదిమి ఆపడం అలవాటైంది. అంతే, దాని మీద ఇంకో పావుగంట మాట్లాడను.

కనిగిరి నుంచి మా బావమరిది ఫోన్ చేసి "బావా, నాకు క్లాత్ బ్రహ్మాండంగా ఉంది, నువ్వు చెప్పేదంతా సోది" అన్నాడు. ఉంటుంది నాయనా! కనిగిరిలో గాలికి తడి ఎక్కడిది? మీ ఇంట్లో ఉప్పు గలగలా రాలుతుంది. నా మాట తప్పని చెప్పడానికి ఫోన్ చేసి, నా మాటకే సాక్ష్యం చెప్పి పెట్టేశాడు.

ఆదివారం వాడు నెల్లూరు వస్తున్నాడు, తన క్లాత్ ప్యాడ్ చుట్టుకుని. సాయంత్రం ఆరింటికి, గాలి తిరిగాక, ఇదే గదిలో, ఇదే మౌస్‌తో మొదటి మ్యాచ్ వాడి గుడ్డ మీద, రెండోది నా గిత్త మీద. లైవ్ పెడతాను. ఏసీ వేయమని వాడు గోల చేస్తాడని ఇప్పుడే రిమోట్ తీసి ఉప్పు డబ్బా వెనక దాచాను.