చెరువు గట్టు మీది క్యాబిన్‌కి టీవీ డిష్: ఏది కొనాలి, ఎక్కడ పాతాలి

నమస్తే అండి. రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి పోర్టబుల్ క్యాబిన్లు పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న సంగతి ఇది. హైడ్రా క్రేన్‌తో లేపి ఈ చెరువు మీద నుంచి ఆ చెరువు మీదకి మార్చే ఇనుప గది కదా, దానికి టీవీ యాంటెన్నా ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి అని. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, భీమవరం, ఆకివీడు, మీరు ఏ వైపు ఉన్నా సరే, ఈ వీడియో మీకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. ఆన్‌లైన్‌లో నల్లగా చదరంగా ఒక యాంటెన్నా అమ్ముతున్నారు. 'ఫోర్‌కే, వందల కిలోమీటర్ల రేంజ్, నెలవారీ బిల్లు లేదు' అని రాసి ఉంటుంది. అది కొనకండి. అమెరికాలో లోకల్ చానళ్లు టవర్ల నుంచి గాలిలో ఉచితంగా వస్తాయి. అక్కడ చక్రాల ఇళ్లవాళ్లు కప్పు మీద అలాంటిది బిగించుకుని హాయిగా చూస్తారు. మన దగ్గర దూరదర్శన్ పాత టవర్లను దశలవారీగా మూసేసింది. ఒకప్పుడు వెదురు బొంగుకి కట్టి తిప్పుకున్న అల్యూమినియం పుల్లల యాంటెన్నాకే ఇప్పుడు డెల్టాలో పట్టడానికి ఏమీ లేదు. ఇక ఈ నల్ల పలక ఏం పడుతుంది చెప్పండి?

కాబట్టి మనకి దారి డిష్ ఒక్కటే. నెలనెలా డబ్బు కట్టకూడదంటే డీడీ ఫ్రీ డిష్. 2004లో మొదలైంది. ఇప్పుడు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. డిష్, ఎల్ఎన్‌బి (డిష్ ముందు కొమ్మకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క), బాక్స్, కేబుల్ అన్నీ కలిపి రెండు వేలకి అటూ ఇటూ అవుతుంది, అంతటితో ఖర్చు అయిపోయింది. తెలుగు విషయం మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. దూరదర్శన్ తెలుగు చానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి. కానీ మీరు రోజూ చూసే తెలుగు సీరియళ్లు, కొత్త సినిమాల కోసమైతే ఇది మిమ్మల్ని నిరాశ పరుస్తుంది. ఎక్కువ చానళ్లు హిందీవే. చెరువు దగ్గర ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు ఉంటే వాళ్లకి బాగా నచ్చుతుంది. మీకోసమే అయితే డబ్బు కట్టే డీటీహెచ్ తీసుకోండి. బిగించే పద్ధతి రెండింటికీ ఒకటే, డిష్ చూసే దిక్కు, కోణం, బాక్స్‌లో కొట్టే అంకెలు మాత్రం మారతాయి. నేను కింద చెప్పే అంకెలు ఫ్రీ డిష్‌వి.

బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 (బొమ్మని కుదించి పంపే కొత్త పద్ధతి) ఉన్నదే అడగండి. పాత ఎంపెగ్-2 బాక్స్ చవగ్గా వస్తుంది కానీ చాలా చానళ్లు దానికి అందవు. డిష్ 60 సెంటీమీటర్లది మన డెల్టాకి సరిపోతుంది. 'పెద్దది తీసుకోండి సార్, వానలో కూడా ఆగదు' అంటారు షాపులో. జడివాన దంచితే పెద్దదానికీ బొమ్మ పోతుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా పోతుంది. కానీ గాలి మాత్రం పెద్ద డిష్‌నే ముందు పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. డిష్‌ని క్యాబిన్‌కి బిగించకండి. రేకు మీదా వద్దు, పక్క గోడకీ వద్దు. ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. డిష్ ఒకటి రెండు డిగ్రీలు పక్కకి జరిగిందా, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. క్యాబిన్ ఏమో పల్చటి రేకు, నాలుగు దిమ్మల మీద నిలబడి ఉంటుంది. లోపల ఇద్దరు నడిస్తే కదులుతుంది, జనరేటర్ పక్కనే ఉంటే అదురుతుంది. పైగా రేకుకి స్క్రూ కొట్టిన ప్రతిచోటా నీళ్లు దిగుతాయి. ఫోమ్ ఉన్న గోడలైతే నీళ్లు లోపలే నిలిచి రేకుని తినేస్తాయి. ఉప్పు గాలి సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు.

మరి ఎక్కడ? క్యాబిన్ పక్కన, నేలలో. రెండు అంగుళాల జీఐ పైపు తీసుకోండి. కింది చివర అడ్డంగా ఒక రాడ్ ముక్క వెల్డింగ్ చేయించండి, లేకపోతే పైపు సిమెంటులోనే గుండ్రంగా తిరిగిపోతుంది. రెండడుగులకి తగ్గకుండా గొయ్యి తీసి కాంక్రీటు పోయండి. కొత్తగా పొక్లెయిన్‌తో వేసిన గట్టు అయితే అక్కడ పాతకండి, మట్టి ఇంకా కుంగుతూ ఉంటుంది. పాత గట్టు మీద, అంచుకి దూరంగా పాతండి. కాంక్రీటు గట్టిపడక ముందే రసమట్టం పెట్టి రెండు వైపులా చూసుకోండి. పైపు నిటారుగా లేకపోతే తర్వాత మీరు ఎన్ని గంటలు తిప్పినా లెక్క కుదరదు.

చాలామంది ఇక్కడ ఇరవై అడుగుల పైపు తెస్తారు. పాత యాంటెన్నా రోజుల అలవాటు అది, ఎంత ఎత్తుకి కడితే అంత బొమ్మ. డిష్‌కి ఎత్తుతో పనిలేదండి. డెల్టా నుంచి చూస్తే ఈ ఉపగ్రహం ఆకాశంలో సుమారు 66 డిగ్రీల పైన ఉంటుంది, అంటే దాదాపు మన నెత్తి మీదకి వచ్చినట్టే. తొమ్మిదడుగుల క్యాబిన్ పక్కన ఆరడుగుల ఎత్తులో డిష్ పెట్టి రెండడుగులు ఎడంగా ఉంచినా చాలు, క్యాబిన్ అడ్డం రాదు. గేదెలు ఒళ్లు రుద్దుకోని ఎత్తులో ఉంటే సరి.

అడ్డం వచ్చేది కొబ్బరి చెట్టు. చెట్టు 60 అడుగులు ఉంటే, డిష్ చూసే వైపు 24 అడుగుల లోపు ఉన్న మాను పైభాగం దారికి అడ్డం పడుతుంది. మట్టలు ఇంకా బయటికి చాచుకుని ఉంటాయి కాబట్టి 40 అడుగుల దూరం చూసుకోండి. గాలి వచ్చినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే బాక్స్‌ని కొట్టకండి, మట్టల వైపు చూడండి.

దిక్కు ఆగ్నేయం. వాస్తులో వంటగది పెట్టే మూల. ఖచ్చితంగా ఆగ్నేయం కాదు, దానికంటే కాస్త దక్షిణానికి, దిక్సూచిలో 144, 145 డిగ్రీలు. ఫోన్‌లో దిక్సూచి చూసేవాళ్లు క్యాబిన్‌కి పదిహేను అడుగులు దూరం వెళ్లి చూడండి. ఇనుము పక్కన నిలబడి చూస్తే ముల్లు ఎటో చూపిస్తుంది. పక్క చెరువువాళ్ల డిష్ చూసి కాపీ కొట్టకండి కూడా. టాటా ప్లే అయితే మన దగ్గర దాదాపు నేరుగా దక్షిణానికి చూస్తుంది. ఎయిర్‌టెల్ ఇంకా తూర్పుకి తిరిగి, కాస్త కిందికి వంగి ఉంటుంది.

డిష్ వెనక స్కేలు మీద 66 పెట్టండి. బాక్స్‌లో ఎల్ఎన్‌బి యూనివర్సల్, ఫ్రీక్వెన్సీ 11090, సింబల్ రేటు 29500 కొట్టి, సిగ్నల్ పేజీ తెరిచి ఉంచండి. ఒకరు టీవీ ముందు, ఒకరు డిష్ దగ్గర. మెల్లగా, వేలెడు వేలెడు చొప్పున పక్కకి తిప్పాలి. స్ట్రెంగ్త్ గీత చూసి సంబరపడకండి, ఎల్ఎన్‌బికి కరెంటు అందితే చాలు అది పెరుగుతుంది. చూడాల్సింది క్వాలిటీ గీత. అది దొరికాక ఎల్ఎన్‌బిని అది బిగించి ఉన్న పట్టీలోనే కొంచెం కొంచెం తిప్పండి, మన ప్రాంతానికి అది సుమారు 34 డిగ్రీలు వాలి ఉండాలి. చాలామంది మెకానిక్‌లు ఈ పని చేయకుండానే వెళ్లిపోతారు. ఎండలో బాగానే వస్తుంది, మబ్బు పట్టగానే పోతుంది.

కేబుల్ ఆర్‌జీ-6 రకం తీసుకోండి. కిటికీ మూల నుంచి లోపలికి తీసుకోండి, లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలండి, వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. ఎల్ఎన్‌బి దగ్గర కనెక్టర్‌కి రబ్బరు టేపు చుట్టండి. ఉరుములు మొదలైతే బాక్స్ వెనక కేబుల్ విప్పేయండి.

తుఫాను హెచ్చరిక వస్తే? 1996 నవంబరు కోనసీమవాళ్లు మరిచిపోరు. 2018లో పెథాయ్ కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. గంటకి 120 కిలోమీటర్ల గాలికి 60 సెంటీమీటర్ల డిష్ మీద 20 కిలోలకి పైగా తోపుడు ఉంటుంది. తాళ్లు కట్టి ఆపాలని చూడొద్దు. పైపు మీద క్లాంపు ఉన్నచోట పెయింటుతో గీత గీసి, క్లాంపు వదులు చేసి, డిష్‌ని అలాగే పైకి లాగి లోపల పెట్టుకోండి. గాలి తగ్గాక గీతకి గీత కలిపితే ఐదు నిమిషాల పని.

లీజు అయిపోయి క్యాబిన్ వేరే చెరువుకి మారినప్పుడూ అంతే. డెల్టాలో అమలాపురం నుంచి భీమవరం వెళ్లినా డిష్ పైకి చూసే ఆ 66 డిగ్రీల కోణం అర డిగ్రీ కూడా మారదు. కాబట్టి పైకీ కిందికీ వంచే బోల్టుల మీద స్పానర్ పెట్టకండి. కొత్తచోట పైపు నిటారుగా పాతి, క్లాంపు ఒక్కటే వదులు చేసి పక్కకి తిప్పుకుంటే చాలు.