ఫొటోలో చివరి మనిషి

శ్రోతలకు నమస్కారం.

తాతయ్య తోబుట్టువుల పేర్లు చెప్పమంటే నాలుగైదు దాకా గడగడా చెప్పేస్తాం. ఆ తర్వాత వేళ్లు ముడుస్తూ ఆగిపోతాం. "ఇంకొకాయన కూడా ఉండాలే..." అంటాం. పెద్ద కుటుంబాల్లో ఇది మామూలే. ఆ ఇంకొకాయన గురించే ఈ నాలుగు మాటలు.

పాత గ్రూప్ ఫొటో ఒకటి ఊహించుకోండి. అమ్మమ్మ వేలు పెట్టి చూపిస్తోంది. "ఇది పెద్దన్నయ్య, ఇది అక్కయ్య, ఇదిగో నేను, ఏడుపు మొహం చూడు." వేలు చివరిదాకా వచ్చి ఆగింది. అక్కడ ఓ కుర్రాడు. ఒక భుజం ఫొటోలో పడనే లేదు, కదిలాడేమో మొహం అలికేసినట్టుంది. "వీడా? ఒక్కచోట నిలబడితే కదా!" అని నవ్వి కథ ఎత్తుకుంది. నిచ్చెన వేసుకుని అటకెక్కాడట, దిగడానికి భయమేసి అక్కడే నిద్రపోయాడట. కింద ఇల్లంతా గగ్గోలు. నిచ్చెన ఎదురుగానే ఉన్నా ఒక్కరికీ పైకి చూడాలని తోచలేదట.

ఆ కుర్రాడు పెద్దయ్యాక పెళ్లి చేసుకోలేదనుకోండి. పిల్లలు లేరు, మనవలు లేరు. వంశవృక్షంలో ఆయన గీత అక్కడితో ఆగిపోతుంది. ఆయన ఎలాంటి మనిషో తెలియాలంటే మిగిలిన ఆధారం ఆ అటక కథే. అది చెప్పగలిగిన వాళ్లు కూడా తోబుట్టువులే. అందుకే కుటుంబ చరిత్ర అనగానే పుట్టిన తేదీల పట్టిక మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు కాస్త దిగులు. తేదీలు కాగితాల్లో దొరుకుతాయి, అటక కథ దొరకదు.

అడగడంలోనే ఉంది కిటుకంతా. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముంది చెప్పడానికి" అంటారు, కబురు అక్కడితో సరి. చిన్నప్పుడు ఎవరి పక్కన పడుకునేవారు? ఎవరి చొక్కా బిగుతైతే ఎవరికి వచ్చేది? ఒకరు చేసిన అల్లరికి దెబ్బలు ఎవరు తినేవారు? ఇలా అడిగి చూడండి, మనం మర్చిపోయిన పేర్లన్నీ వాటంతట అవే బయటికొస్తాయి.

నిన్న ఏం జరిగిందో గుర్తులేని పెద్దాయన బాల్యం గురించి పూసగుచ్చినట్టు చెబుతుంటే మనం ఆశ్చర్యపోతాం. వయసు మళ్లినవాళ్లకి పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల మధ్య జ్ఞాపకాలు ఎక్కువగా గుర్తుకొస్తాయని మనస్తత్వ పరిశోధకులు చాలాసార్లు గమనించారు. పెద్దవాళ్లు పాత సంగతులు తవ్వుకోవడం చాదస్తం కాదని, జీవితాన్ని ఒకసారి తిరిగి చూసుకునే సహజమైన పని అని అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశాడు.

అయితే అటక కథే అమ్మమ్మ వాళ్ల అక్కయ్యని అడిగితే, ఎక్కింది తమ్ముడు కాదు, మీ అమ్మమ్మే అనొచ్చు. కంగారు పడకండి. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ పరిశోధకుడు, తమకు పరిచయం లేని ఒక జానపద కథని జనం చేత చదివించి, తర్వాత గుర్తున్నంత మేరకు రాయించాడు. 1932లో అచ్చయిన ఆ పరిశోధనలో, కథ రానురాను పొట్టిదైంది. వింతగా తోచినవి తెలిసినవిగా మారిపోయాయి. సీల్ జంతువుల వేట కాస్తా చేపల వేట అయింది! మన ఇళ్లలోనూ అంతే. పైగా పెద్ద కొడుకు చూసిన నాన్న వేరు, ఆఖరి కూతురు చూసిన నాన్న వేరు. ఇద్దరి మధ్య ఇరవయ్యేళ్ల తేడా ఉంటే, ఆయన కోపం ఈలోగా చల్లారే ఉంటుంది. కాబట్టి "అమ్మమ్మ అలా చెప్పలేదే" అని మధ్యలో అడ్డుపడకండి. రెండు కథలూ విడివిడిగా రాసుకోండి.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే పరిశోధకులు కుటుంబం గురించి ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం కూడా ఎక్కువగా కనిపించింది. అలాగని ఆ జవాబులు బట్టీ పట్టిస్తే లాభం లేదని వాళ్లే అన్నారు. కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇల్లయితేనే అవి తెలుస్తాయి మరి.

ఒక పేరు దగ్గర గొంతు పట్టేస్తే, అది చిన్నప్పుడే పోయిన చెల్లెలిది కావచ్చు. అప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆపేయండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, లేదంటే వదిలేయండి.

రికార్డు చేసేటప్పుడు మొదట్లోనే మాట్లాడేది ఎవరో, ఆ రోజు తేదీ ఏమిటో గొంతుతోనే చెప్పించండి. పదేళ్ల తర్వాత ఫైలు తెరిచినవాళ్లకి ఎవరి గొంతో తెలియాలిగా. ముందు ఒక్కొక్కరితో, తర్వాత ఇద్దరిని కలిపి మాట్లాడించండి. ఇద్దరూ పోట్లాడుకుంటారు, అప్పుడే అసలు సంగతులు బయటపడతాయి.

ఎవరితో మొదలుపెట్టాలంటారా? బాగా పెద్దవాళ్లుంటే ముందు వాళ్లే, ఆలస్యం చేయొద్దు. ఆ తర్వాత మాత్రం నా ఓటు మధ్యలో పుట్టినవాళ్లకి. పైవాళ్ల పెత్తనం, కిందవాళ్ల గారాబం రెండూ చూసింది వాళ్లే, ఇంతవరకూ వాళ్లని ఎవరూ అడిగి ఉండరు.

నమస్కారం.