ఈ వ్లాగ్‌లో గుడి కనపడదు

ముందే చెప్పేస్తున్నానండీ, గుహ లోపల తీసిన వీడియో ఒక్క ముక్క కూడా లేదు. తీయడానికి చెయ్యి ఖాళీగా ఉంటే కదా! ఒక చేత్తో కొబ్బరికాయ కవరు తలమీదికెత్తి పట్టుకున్నా, రెండోది మావారి భుజం మీద. గుండెల దాకా నీళ్ళు.

ఇండియా ట్రిప్ అంటే డెంటిస్టు, టైలరు, చుట్టాలిళ్ళు, అంతేగా. ఈసారి ఒక్కరోజు మిగుల్చుకుని హైదరాబాద్ నుంచి బీదర్ వెళ్ళాం, ఝరణీ నరసింహస్వామి దర్శనానికి. ఊరు కర్ణాటకే అయినా క్యూలో మా ముందూ వెనకా తెలుగే.

కొండ కింద సుమారు 300 మీటర్ల సొరంగం. స్వామి దాకా నీళ్ళలోనే నడవాలి. బీదర్ ఉన్నదంతా ఎర్రటి లాటరైట్ రాతి నేల మీద. వాన ఆ రాతిలోకి ఇంకి ఊటగా బయటికొస్తుంది. ఆ ఊట నీటిని ఊళ్ళోకి తెచ్చుకోవడానికే బహమనీ సుల్తానుల కాలంలో నేల కింద కాలువలు కూడా తవ్వారు.

దిగిన మొదటి నిమిషం చల్లగా బాగుంది. కాస్త లోపలికెళ్ళాక తల ఎత్తితే కప్పంతా గబ్బిలాలు! ఆ వాసన మాత్రం మాటల్లో చెప్పలేను. అరికాలి కింద ఏముందో కనపడదు, వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళడమే. నా ముందు ఒకాయన పిల్లాణ్ణి మెడ మీద కూర్చోబెట్టుకున్నాడు. వాడు మాత్రం హాయిగా గబ్బిలాలు లెక్కపెడుతున్నాడు. ఎవరో "గోవిందా" అంటే సొరంగమంతా అందుకుంది. అప్పటికి గానీ నా టెన్షన్ తగ్గలేదు.

నరసింహుడు ఝరాసురుడనే శివభక్తుడైన రాక్షసుణ్ణి చంపితే, వాడు నీరై స్వామి పాదాల దగ్గర పారుతున్నాడని స్థలపురాణం. చివర్లో గోడ మీద నరసింహుడు, దగ్గరే శివలింగం. "అంటే ఇంతసేపూ రాక్షసుడిలో నడిచామా?" అన్నారు మావారు. పూజారిగారికి నవ్వొచ్చింది. అక్కడ నిలబడే చోటు కొద్దిమందికే కాబట్టి దర్శనం నిమిషంలో అయిపోయింది. మిగతావాళ్ళు నీళ్ళలోనే ఎదురుచూపు.

మోకాళ్ళ నొప్పులని అమ్మ బయటే ఉండిపోయింది. మేం తడిసి బయటికొచ్చేది తీయమని ఫోన్ తనకే ఇచ్చాను. ఇప్పుడు మీకు స్క్రీన్ మీద కనపడుతున్న పసుపు చీర కుచ్చిళ్ళు, ఒక చెప్పు, పక్కావిడతో మా పెళ్ళి కబుర్లు... అదే ఆ ఫుటేజ్.